నల్లపెట్టకు నేను చెప్పిన కబుర్లు

ఆ రోజుల్లో, తమిళనాడులోని రాజపాళయంలో నాతో మాట్లాడేవాళ్ళెవరని అడిగితే, కోళ్ళు అని చెప్పాలి. (ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు.) పెళ్ళయి కృష్ణ ఒడ్డు నుంచి కొత్తగా వచ్చాను. మావారు పొద్దున్నే సేత్తూరు దారిలోని మిల్లుకు వెళ్తే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రావడం. వీధి నిండా తెలుగువాళ్ళే, అయినా నేను నోరు తెరిస్తే "సినిమాలో మాదిరి మాట్లాడతాదే!" అని నవ్వేవాళ్ళు. వాళ్ళ తెలుగులో సగం నాకు తెలిసేది కాదు, అరవం అసలే రాదు. పైగా నాకు రోషం కాస్త ఎక్కువ. నవ్విన వాకిట్లోకి మళ్ళీ అడుగుపెట్టేదాన్ని కాను. అలా వీధిలోని వాకిళ్ళన్నీ అయిపోయాయి.

పక్కవీధిలో మావారి మేనత్త ఉండేది. నేను పెద్దత్తా అని పిలిచేదాన్ని. పెరట్లో టైల్స్ వేయించుకున్నాక, కోళ్ళు పాడుచేస్తున్నాయని వాటిని మా పెరట్లోకి తోలింది. "గుడ్లు మట్టుం నాకియ్యి అమ్మాయి. పాప కాన్పుకు వచ్చి ఉండాది, నాటుగుడ్డు తినాల" అంది, తన కూతురి గురించి. ఆ ఊళ్ళో నన్ను నమ్మి ఒకరు అప్పగించిన మొదటి పని అది. దాన్ని బాగా చేసి చూపిస్తే నేనూ వాళ్ళ మనిషినైపోతానని ఆశ.

అందుకే, పెరటి మూల చీకటి కొట్టంలో ఉన్న, కోళ్ళు గుడ్లు పెట్టే గడ్డిగంపను వంటింటి గుమ్మం దగ్గరికి మార్చాను. పెట్ట అందులో సర్దుకోగానే పీట వేసుకుని ఎదురుగా కూర్చునేదాన్ని. మా అమ్మ పప్పులో చింతకాయ ఎప్పుడు వేస్తుందో, మా చెల్లి నాతో ఎందుకు పోట్లాడిందో అన్నీ చెప్పేదాన్ని. నల్లపెట్ట తల పక్కకు వంచి వినేది. (వింటోందనే అనుకున్నాను.) మధ్యమధ్య "పెట్టావా?" అంటూ దాని కింద చెయ్యి పెట్టి చూసేదాన్ని. లేచిపోబోతే ఇడ్లీ ముక్క, ఇంకా పోబోతే అన్నం ముద్ద.

గుడ్లు తగ్గాయి. కోళ్ళకు వెలుతురు చాలకపోతే అంతేనని ఫోన్లో ఎవరో చెప్పగా విని, సరిగ్గా గంప మీదే బల్బు వేలాడదీశాను. దాంతో ఉన్న గుడ్లూ ఆగిపోయాయి. పెద్దత్త రోజూ గిన్నె తెచ్చుకుని, ఖాళీగా తీసుకెళ్ళేది. పల్లెత్తు మాట అనేది కాదు. నేనే తినేస్తున్నాననుకుంటుందేమోనని లోపల ఒకటే కుమిలిపోయేదాన్ని. (ఆ ఏడుపు కూడా కోళ్ళ దగ్గరే.)

ఒక మధ్యాహ్నం ఆవిడ చెప్పకుండా వచ్చింది.

"ఏమి చేస్తా ఉండావు ఈడ?"

"వీటికి తోడుగా కూర్చున్నాను పెద్దత్తా."

గంపను చూసింది, బల్బును చూసింది, నల్లపెట్టను ఎత్తి పొట్ట తడిమి చూసింది. "ఇడ్లీ తిని తిని కొవ్వు పట్టినాది. ఇంక యాడ పెడతాది? కంబు గింజలు, అదే మీ సజ్జలు, రవ్వంత చల్లు, మునగాకు వెయ్యి, మిగిలింది అదే మేసుకుంటాది. గుడ్డు పెట్టేటప్పుడు దానికి చీకటి కావాల. ఎదురుగా కూర్చోని, దాన్ని పెట్టనీకుండా తొందరవు చేస్తే ఎట్లా?" అని గట్టిగా మొదలుపెట్టి, నా మొహం చూసి ఆగింది. "దానికి ఎవురూ ఉండకూడదు. నీకేమో మనిషి కావాల. అయ్యో పావం, నువ్వు పోయి దాన్ని పట్టుకున్నావే! గంప మూలకు పెట్టేసి మా ఇంటికి రా. పాపకీ పొద్దు పోలేదు."

వెళ్ళాను. నా తెలుగు విని తల్లీకూతుళ్ళిద్దరూ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను. కొన్నాళ్ళకు చీకటి మూల గంపలో గుడ్లు మళ్ళీ కనబడ్డాయి.

ఇప్పుడు నా తెలుగు విని మా అమ్మే నవ్వుతుంది. ఈమధ్య మా కోళ్ళు మళ్ళీ గుడ్లు తగ్గించాయి. తిండి చూశాను, పేలు పట్టాయేమో చూశాను, ఏమీ లేదు. నిన్న మధ్యాహ్నం సంగతి తెలిసింది. మేడమీద అద్దెకు దిగిన కొత్తపెళ్ళికూతురు గంప ముందు గొంతుక్కూర్చుని, పెట్టకు తన ఊరి కబుర్లేవో గుసగుసగా చెబుతోంది. కోపం వచ్చింది, వచ్చినంత తొందరగానే పోయింది. లోపలికెళ్ళి రెండు గ్లాసుల కాఫీ కలుపుకుని వచ్చాను.

"ఇట్లా రామ్మా. దాన్ని వదిలిపెట్టు, నాకు చెప్పు."