మూత బిగించిన పప్పుచారు

ధర్నా ఉందంటే శౌరమ్మకు పొద్దున్నే తెలిసిపోయేది. ఆ రోజు విద్యార్థి సంఘం కుర్రాళ్లు టిఫిన్ దగ్గర రెండిడ్లీలు ఎక్కువ తినేవారు. పోలీసులు ఎత్తుకెళితే మధ్యాహ్నం అన్నం గతి లేదని వాళ్ల భయం. ఆమె మాత్రం స్టేషన్ నుంచి ఎప్పుడొచ్చినా తింటారని గంపెడు అన్నం, గిన్నెడు పప్పుచారు తీసి పక్కన పెట్టేది.

ఆమెది కంకిపాడు అవతల ఊరు. తెల్లారకముందే బస్సెక్కి, బెజవాడ బెంజ్ సర్కిల్లో దిగి, ఇంకో బస్సు పట్టుకుని యూనివర్సిటీకి వచ్చి, బాయ్స్ హాస్టల్ మెస్‌లో పొయ్యి వెలిగించేది. పదకొండేళ్లు అదే పని. కాంట్రాక్టర్లు నలుగురు మారారు గానీ వంటమనిషి మారలేదు. సంఘం అధ్యక్షుడు లక్ష్మీకాంత్ చేరిన కొత్తలో జ్వరంతో పడుంటే జావ కాచి గదికి పంపింది. అప్పట్నుంచి వాడికి ఆమె పిన్ని. మా పిన్ని గంటె పట్టుకుంటే వీసీ గారైనా లైన్లో నిలబడాల్సిందేనని అందరి ముందూ అనేవాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకునేది.

మెస్ తిండి బాగుండేది కాదు, ఆ మాట నిజం. బియ్యంలో పురుగులు. వారానికి మూడు గుడ్లని కాగితం మీద ఉంటే, కంచంలోకి వచ్చేది ఒక్కటి. కాంట్రాక్టర్ పంపిన ముక్కిపోయిన కందిపప్పును ఏ చెయ్యి మాత్రం బాగుచేస్తుంది? సంఘం ఆరు వినతిపత్రాలు ఇచ్చింది. ఆరూ ఏ బీరువాలో పడ్డాయో ఎవడికీ తెలీదు.

ఏప్రిల్లో ఒకరోజు వీసీ ఆఫీసు ముందు ఖాళీ కంచాలు మోగించారు. పదింటికల్లా ముప్పైమందిని వ్యానెక్కించారు. శౌరమ్మ ఎప్పటిలాగే గిన్నె తీసి పెట్టింది. ఎప్పుడూ మూత ఓరగా వేసేది. ఆ రోజు వార్డెన్ తనిఖీకి వస్తున్నాడన్నారు. వేళ దాటాక తిండి ఉంచకూడదని రూలు. కాగుతున్న పప్పుచారు మీద మూత బిగించి, రేకుల స్టోర్‌రూమ్‌లో బస్తాల వెనక్కి నెట్టింది.

నాలుగింటికి కుర్రాళ్లొచ్చి ఆవురావురుమని తిన్నారు. వడ్డించే ముందు ఆమె రుచి చూడలేదు. పదకొండేళ్లలో ఆ ఒక్కసారే. గంటలో ఎనిమిదిమందికి వాంతులు.

లక్ష్మీకాంత్‌ను అందరికన్నా ఆలస్యంగా వదిలారు. రాగానే మిగిలిన గిన్నె ఎత్తుకెళ్లి నడిరోడ్డు మీద పెట్టాడు. మెస్ విషం పెడుతోందన్నాడు. టీవీవాళ్లొచ్చారు. ఆరు వినతిపత్రాల వల్ల కాని పని ఆ గిన్నె చేసింది. సోమవారం ఒప్పందం మీద సంతకాలు పెడదామని వీసీ కబురు పంపాడు.

మర్నాడు శౌరమ్మ వాణ్ణి మెస్ వెనక్కి పిలిచింది.

"అది మీ కోసం నేను దాచింది, నాయనా. వేడిమీద మూత బిగించాను. తప్పు నాదే."

వాడు చుట్టూ ఒకసారి చూశాడు. "ఎవరితోనైనా అన్నావా పిన్నీ?"

"లేదు."

"అనకు. అన్నావంటే మొత్తం పోద్ది. సోమవారం సంతకాలవనీ. నీ సంగతి నేను చూసుకుంటా."

ఆమె నమ్మింది. కడుపులు కాలిన పిల్లలకు మంచన్నం దొరుకుతుందంటే నోరు మూసుకోవడం పెద్ద పనేం కాదనుకుంది.

సోమవారం సంతకాలయ్యాయి. మూడు గుడ్లు, మంచి బియ్యం, కాంట్రాక్టర్‌కు హెచ్చరిక. ఆమెకు చదువు రాదు కాబట్టి మెస్ సూపర్‌వైజర్ ఏసుపాదం నాలుగో అంశం చదివి వినిపించాడు. బాధ్యురాలైన వంటమనిషి తొలగింపు. కింద లక్ష్మీకాంత్ సంతకం.

"చదవకుండా పెట్టేసుంటాడు లేమ్మా," అన్నాడు ఏసుపాదం.

"వాడు చదవకుండా ఏదీ పెట్టడండీ. ఆరు కాగితాలూ నా పొయ్యి దగ్గర కూర్చునే రాశాడు. ప్రతి ముక్కా నాకు చదివి వినిపించాడు."

చీర సంచిలో సర్దుకుని గేటు దాటేసరికి విజయోత్సవ ఊరేగింపు ఎదురొచ్చింది. కంచాలు మోగుతున్నాయి. ముందు వరసలో లక్ష్మీకాంత్. ఆమెను చూశాడు. వాడి చేతిలో గరిటె ఒక్క దెబ్బ తప్పింది. వెనకవాళ్లు తోసుకొచ్చారు. మళ్లీ మోగించాడు.

పొద్దుట్నుంచి వాడేమీ తినలేదని ఆ మొహం చూడగానే ఆమెకు తెలిసిపోయింది. గిన్నె తీసి పెట్టబోయినట్టు చెయ్యి తనంతట తానే వెనక్కి, మెస్ వైపు ఒకసారి తిరిగింది. బస్సొచ్చింది. ఎక్కింది.