చేతులు మారని పెట్టె

పార్సిల్ ఆఫీసులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. హమాలీల దగ్గర్నుంచి పెద్ద గుమాస్తా దాకా అందరికీ అతను జంక్షన్ బాబాయే. ఏ లైను ఎక్కడ చీలుతుందో అడిగితే తడుముకోకుండా చెప్తాడు కాబట్టి ఆ పేరొచ్చిందని కొందరంటారు. కాదు, ఏ పనైనా అతని బల్ల దగ్గర కాసేపు ఆగందే కదలదు కాబట్టి వచ్చిందని ఇంకొందరు. రెండూ నిజమే.

ఆ బల్ల వెనక గోడ నిండా దేశపు రైలు దారుల పటం. రాజధాని గొడుగు కర్రలాగా మధ్యలో ఉంటుంది. లైన్లన్నీ అక్కణ్ణుంచి ఊచల్లా నలుదిక్కులకూ పరుచుకుంటాయి. ఒక ఊచ కొస నుంచి పక్క ఊచ కొసకు పోవాలంటే నడుమ ఉన్నది గుడ్డే, దారి కాదు. కర్ర దాకా వెళ్లి మళ్లీ వెనక్కి రావాలి. మనది చాలా పెద్ద దేశమని బడిలో గొప్పగా చెప్తారు. ఎంత పెద్దదో తెలియాలంటే ఒక ఊచ కొసన తల్లి, ఇంకో ఊచ కొసన కొడుకు ఉండాలి. ఆ లైన్లు వేసిన పెద్దమనుషులు గనుల్లో తవ్విన రాయి ఓడరేవుకు ఎలా చేరాలా అని బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. మనుషులు పడుతూ లేస్తూ ఎలాగో చేరుకుంటారులే అని వదిలేశారు.

బాబాయికి ఉద్యోగంలో ఒకటే పట్టుదల. సరుకు చేతులు మారకూడదు. బండి మారిన ప్రతిచోటా ఒకడు విసిరేస్తాడు, ఇంకొకడు తలకిందులుగా పెడతాడు, మూడోవాడు వానలో మరిచిపోతాడు. అందుకని ఎంత చుట్టు తిరిగినా సరే, ఎక్కించిన వ్యాగన్‌లోనే చివరిదాకా వెళ్లే దారి వెతికేవాడు. గాజు సామాను, కుట్టు మిషన్లు, పెళ్లికూతురి అద్దాల బీరువా, అన్నీ అతని చేతిమీదుగా గీత పడకుండా చేరాయి. ‘దగ్గర దారి వేరండీ, క్షేమమైన దారి వేరు’ అని కిటికీ దగ్గర నిలబడ్డవాళ్లకు చెప్పి పంపేవాడు. పండిన తలకాయ అని జనం నమ్మేవాళ్లు.

గూడ్స్ యార్డు వెనక రెండు గదుల ఇంట్లో తల్లీ అతనూ ఉండేవాళ్లు. ఇంజన్ కదిలితే అలమరలో గిన్నెలు గలగలమనేవి. తల్లి పెళ్లి మాటెత్తితే, ‘ఆ లైను ఇంకా పడలేదమ్మా’ అని తప్పించుకునేవాడు. తండ్రి పోయినప్పుడు తమ్ముడు ఇంకా నిక్కర్లు వేసుకునే పిల్లవాడు. వాణ్ణి పెంచి పెద్దచేసి, ఎవరి కాళ్లో పట్టుకుని గనుల కొండల్లో పట్టాల గ్యాంగులో వేయించాడు.

ఆ తమ్ముడు మాత్రం సెలవు దొరికితే అన్న చెప్పిన దారిలో ఎన్నడూ వచ్చినవాడు కాదు. కొండ అవతలి వైపు దిగే బుల్లి రైలెక్కి, ఏటి దగ్గర పడవెక్కి, అవతలి ఒడ్డున డొక్కు బస్సు పట్టుకుని, చివరికి ఈ ఊరి బండిలో పడి, ఒళ్లంతా దుమ్ముతో గుమ్మంలో నిలబడి నవ్వేవాడు.

“నాలుగు బళ్లు మారడం అవసరమట్రా నీకు?”

“నీ దారిలో వస్తే నా సెలవు రైల్లోనే తెల్లారిపోతుంది అన్నయ్యా. అయినా దిగినచోటల్లా ఒక చుట్టం దొరుకుతున్నాడు. పడవవాడైతే వచ్చే నెల వాళ్ల చెల్లి పెళ్లికి రమ్మన్నాడు కూడా.”

“ఏదో ఒకరోజు నిన్నే ఎవరో సామాన్లతో పాటు దించేసుకుంటారు.”

తల్లి ఆ మాటలు వింటూ నవ్వుకుంటూ వాడికి స్నానానికి నీళ్లు తోడేది.

వానాకాలంలో ఒక పొద్దున ఆఫీసు ఫోను మోగింది. గ్యాంగు మేస్త్రీ. కొండచరియ విరిగి పట్టాల మీద పడిందనీ, తమ్ముణ్ణి దాని కింద నుంచి తీసేసరికే ప్రాణం పోయిందనీ చెప్పాడు. బాబాయి ఫోను పెట్టేసి, ఆఫీసు చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి ఇంట్లోకి నడిచాడు. తల్లి ఏడవలేదు. అతని చొక్కా గుండీ పట్టుకుని అలాగే నిలబడింది.

“ఇంకేం అడగను నాన్నా. ఒక్కసారి వాడి మొహం చూపించు. అంతే.”

“చూపిస్తానమ్మా. ఎల్లుండి పొద్దున్నకల్లా నీ ముందుంటాడు.”

తిరిగి ఆఫీసుకు వచ్చి మేస్త్రీకి ఫోను చేశాడు.

“అన్నా, మేం మోసుకొస్తాం,” అన్నాడు మేస్త్రీ. “మా గ్యాంగంతా వస్తామంటున్నారు. బుల్లి రైలు గార్డుకి చెప్పేశాం. పడవవాడు ఆ మాట విని కూలబడ్డాడు, ఏ వేళకొచ్చినా దాటిస్తానన్నాడు. రేపు సాయంత్రానికి ఇంట్లో ఉంటాం.”

బాబాయి వెనక్కి తిరిగి గోడమీది పటం చూశాడు. బుల్లి రైలు, పడవ, బస్సు, మళ్లీ రైలు. ప్రతిచోటా దించడం, ఎత్తడం, ఎవరెవరి చేతులో.

“వద్దు. పెట్టె జారితే? వానలో పడవ బోల్తా కొడితే? గనుల స్టేషన్లో పెద్ద లైను ఉందిగా. వ్యాగన్‌లో పెట్టి సీలు వేయించు. మంచుగడ్డలు బాగా వేయమను. రాజధాని మీదుగా ఎవరూ ముట్టుకోకుండా నేరుగా ఇక్కడికొస్తుంది.”

“చుట్టు కదన్నా.”

“చుట్టే. కానీ క్షేమం.”

మేస్త్రీ, “నీకు తెలిసినంత మాకేం తెలుసులే అన్నా” అన్నాడు.

మర్నాడు సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. గుమ్మంలో మేస్త్రీ, వెనక ఇద్దరు గ్యాంగువాళ్లు, మోకాళ్ల దాకా బురద. చివరిసారి చూసి పోదామని వచ్చారు. తల్లి వాళ్ల భుజాల మీంచి వీధిలోకి చూసింది. అక్కడ ఇంకెవరూ లేరు.

“మీరొచ్చారు. మరి వాడేడీ?”

“అన్నగారు రైల్లో వేయించమన్నారమ్మా. మేం మామూలుగా వాడొచ్చే దారిలో వచ్చేశాం.”

తల్లి పెద్దకొడుకు వైపు చూసింది. వాళ్లకు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు తెచ్చింది.

ఆ మర్నాడు పొద్దున్న బండి వచ్చింది. అందులో ఆ వ్యాగన్ లేదు. బాబాయి పరుగున ఆఫీసుకెళ్లి రాజధాని యార్డుకు ఫోను చేశాడు. అక్కడి గుమాస్తా ఎన్నో ఏళ్లుగా ఫోన్లో పరిచయం, మొహం చూసింది లేదు.

“నీ వ్యాగన్‌కేం బావా, రాజాలాగా పక్క లైన్లో ఉంది. రేవులో ఓడ కాచుకుని ఉందట. రాయి బళ్లన్నీ పోయాకే తక్కినవి వదలమని పైనుంచి ఆర్డరు.”

“అందులో ఏముందో తెలుసా?”

“పెట్టె అని రాసుంది.”

“మా తమ్ముడు.”

అవతల ఏవో కాగితాలు గబగబా తిరగేసిన చప్పుడు.

“అయ్యో, ముందే చెప్పొచ్చు కదా బావా.”

“చెప్తే వదిలేవాడివా?”

“వదిలేవాణ్ణి... ఏమో. అబద్ధమెందుకులే. రాయి బళ్లే ముందు పోయేవి.”

ఇన్నేళ్లూ కిటికీ దగ్గర తన నోటివెంట వచ్చిన మాటలు అతనికి వినిపించాయి. దారిలో ఉందమ్మా. వస్తుందయ్యా. కంగారు పడకండి. ఆ మాటలు పట్టుకుని వెనుదిరిగిన వాళ్లలో ఒక్కరి మొహమైనా గుర్తు చేసుకోబోయాడు. ఒక్కటీ గుర్తు రాలేదు.

రాయి బళ్లు పోతూనే ఉన్నాయి. గ్యాంగువాళ్లు సెలవు అయిపోతున్నా కదల్లేదు. మేస్త్రీ ఇంటి ముందు విరిగిన మెట్టు బాగుచేశాడు, చేతులు ఊరికే ఉండలేక. చివరికి ఒక మధ్యాహ్నం ఆ వ్యాగన్ వచ్చింది. సీలు చెక్కుచెదరలేదు. పెట్టె మీద గీత కూడా పడలేదు. దాని కింది పలకలు తడిసి నల్లబడి ఉన్నాయి. మంచు ఎప్పుడో కరిగిపోయింది.

స్టేషను డాక్టరు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గరికెళ్లి, వెంటనే వెనక్కి వచ్చాడు.

“మూత తియ్యొద్దు. అమ్మగారిని అసలు రానివ్వకండి.”

కానీ ఆమె అప్పటికే వచ్చేసింది. పార్సిల్ షెడ్డులో బస్తాల మధ్య నుంచి నడిచి వచ్చి మూతమీద చెయ్యి వేసింది.

“అమ్మా, తియ్యకూడదంటున్నారు,” అన్నాడు బాబాయి.

ఆమె మేస్త్రీ వైపు తిరిగింది. “నువ్వు చూశావుగా నాయనా. ఎలా ఉన్నాడు?”

“నిద్రపోతున్నట్టే ఉన్నాడమ్మా. మొహానికి దెబ్బ తగల్లేదు. నేనే తుడిచి తల దువ్వాను.”

“కనుబొమ్మ మీద గాటు ఉంటుంది వాడికి.”

“ఉందమ్మా. చూశాను.”

ఆ గాటు చిన్నప్పుడు అన్న విసిరిన బొంగరం తగిలి పడింది. ఆ సంగతి ఆ షెడ్డులో ఇద్దరికే తెలుసు.

గ్యాంగువాళ్లు పెట్టె ఎత్తడానికి వంగారు. బాబాయి కూడా ఒక మూల పట్టుకోబోయాడు.

“నువ్వాగు,” అంది తల్లి. “ఇటు రా.”

అతను వెళ్లి ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె రెండు చేతులతో అతని మొహం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. నుదురు చూసింది, కనుబొమ్మలు వేలితో తడిమింది, గడ్డం కాస్త పైకెత్తింది. ఇద్దరికీ తండ్రి పోలికేనని ఊరంతా అనేవాళ్లు. అతను తనలో వాడు ఎక్కడైనా ఉంటే బాగుండునని కదలకుండా నిలబడ్డాడు. షెడ్డు అవతల రాయి బండి ఒకటి పోతోంది. అది పోయేదాకా ఆమె వెతికింది.

“ఉహుఁ, వాడి ముక్కు ఇలా ఉండేది కాదు,” అని చేతులు తీసేసి, పెట్టె వెనక నడిచింది.