పదకొండు ఎర్ర రిబ్బన్లు

నరసరావుపేటలో పొలాలకు మందు కొట్టే తైవాన్ పంపులు బాగుచేసే మౌలాలీ కూతురు అబిదా. ఆమె పేరు ముందు డాక్టర్ అన్న మాట చేరి పన్నెండేళ్లయింది. ఆ రోజు నుంచే ఆమెకు మనశ్శాంతి లేదు. పట్టా వచ్చిన వారానికే మౌలాలీ మురిసిపోయి, కూతురు వద్దన్నా వినకుండా, తన షెడ్డు గోడ మీద 'అన్ని రకాల స్ప్రేయర్లు రిపేరు చేయబడును' అన్న అక్షరాల కింద 'డాక్టర్ అబిదా' అని రాయించాడు. తెల్లారేసరికి గుమ్మంలో ముగ్గురు నిలబడి ఉన్నారు. మొదటామె చంకలో జ్వరంతో కాలిపోతున్న పిల్ల.

"పిన్నీ, నేను మనుషుల డాక్టర్ని కాదు" అంది అబిదా.

"పోనీ మా బర్రెకు చూస్తావా?" అంది రెండో ఆమె.

"బర్రెలకూ కాదు. మొక్కలకొచ్చే వైరస్ మీద చదివాను."

మూడో ఆయన మిరప రైతు. ఆ మాట వినగానే ఇద్దరినీ పక్కకు జరిపి ముందుకొచ్చాడు. "నా తోటంతా ముడత పట్టింది తల్లీ. మందేంది?"

"వైరస్‌కి మందు లేదు బాబాయ్."

ఆయన ఇంత చదివించి ఏం బావుకున్నావయ్యా అన్నట్టు మౌలాలీ వంక జాలిగా చూసి వెళ్లిపోయాడు.

ఆ చూపు పన్నెండేళ్లుగా ఆమెను వదల్లేదు. చదివింది తక్కువేమీ కాదు. పేటలో డిగ్రీ, హైదరాబాదులో పీజీ, అక్కడే ఆరేళ్లు పీహెచ్‌డీ. మిరపాకును నూరి, అందులోంచి డీఎన్‌ఏ తీసి, పీసీఆర్ మిషన్లో పెట్టి, అందులో ముడత వైరస్ ఉందో లేదో పూట తిరక్కుండా చెప్పగలదు. మాచర్ల వైపు వైరస్‌కీ ఈపూరు వైపు వైరస్‌కీ తేడా ఎక్కడుందో అక్షరం అక్షరం చదవగలదు. ఇన్ని చేతనైన మనిషికి నాలుగేళ్లు తిరిగితే గుంటూరు పక్కన ఒక పరిశోధన కేంద్రంలో దొరికింది పదకొండు నెలల ఉద్యోగం. పదకొండు నెలలు కాగానే ఒక రోజు ఆపుతారు, మళ్లీ పదకొండు నెలలకు కాగితం ఇస్తారు. అలా ఎనిమిదేళ్లు గడిచాయి. నలభై దాటినా ఇంకా ఆమెను 'యంగ్ సైంటిస్ట్' అనే పిలుస్తారు. ఆ మాట వింటే ఆమెకు ఒళ్లు మండుతుంది.

కరోనా వచ్చినప్పుడు మాత్రం ఆమె విలువ సర్కారుకు ఉన్నట్టుండి తెలిసింది. పీసీఆర్ చెయ్యడం వచ్చినవాళ్లు కావాలని కబురు పెట్టారు. ఏడు నెలలు ఆ ప్లాస్టిక్ సూట్లో ఉడికిపోతూ జనం ముక్కుల్లోంచి తీసిన శాంపిళ్లు చూసింది. ఆ ఏడు నెలలూ వీధిలో ఎవరూ ఆమె దరిదాపులకు రాలేదు. వచ్చిన ఒకరిద్దరూ పది అడుగుల అవతల నిలబడి అడిగింది "మందేంది?" అనే. చివర్లో ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. అందులో పేరు ముందు 'శ్రీ' అని పెట్టి ఆమెను మగవాణ్ని చేశారు.

ఇన్ని పడ్డ మనిషికి కోపం రాకపోతే ఎవరికొస్తుంది? ల్యాబులో ఆమె కోపానికి పెద్ద పేరు. లేబుల్ లేని శాంపిల్ చెత్తతో సమానం అన్నది ఆమె శాసనం. సబా అనే జూనియర్ ఊరూరూ తిరిగి ఆకులు తెస్తే, నాలుగు కవర్ల మీద మొక్క నంబరు లేదని ఆ పిల్ల కళ్లెదుటే నాలుగూ డస్ట్‌బిన్‌లో వేసింది. సబా ఏడ్చింది. "నంబరు రాయి, ఏడవక్కర్లేదు" అంది అబిదా.

ల్యాబులో సాగిన శాసనం పొలాల్లో సాగలేదు. ఏటా ఊరూరా మీటింగులు పెట్టి గొంతు చించుకుంది. ఎర్ర రిబ్బను చుట్ట ఒకటి చేత్తో ఎత్తి చూపిస్తూ చెప్పేది. "వైరస్‌కి మందు లేదు. దాన్ని మోసుకొచ్చేది తెల్లదోమ. ఆకు ముడుచుకున్న చెట్టు కనపడగానే ఎర్ర రిబ్బను కట్టండి. రిబ్బను ఉన్న చెట్టును పీకి, బస్తాలో వేసి, గట్టు దాటించి తగలబెట్టండి. పైకి బాగుంది గదా అని జాలిపడొద్దు. రోగం లోపల ఉంటది, పది పదిహేను రోజుల దాకా బయటికి కనపడదు." మగవాళ్లు అంతా విని, టీ తాగి, చివర్లో "అది సరేనమ్మా, ఇంతకీ మందేంది?" అనేవాళ్లు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, పల్నాడులో అది తిరగబడింది. రెండేళ్ల కింద గురజాల పక్క ఊళ్లో కోటయ్య అనే రైతైతే మీటింగులోనే లేచి, "కాపు మీదున్న చెట్టును పీకమంటే నా వల్ల కాదు మేడమ్. బతికినన్నాళ్లు బతకనీ" అన్నాడు. ఆయన భార్య పిచ్చమ్మ వెనక వరసలో కూర్చుని చెవులప్పగించి వింది.

ఈ ఏడు జనవరి మొదట్లో ఆ కోటయ్యే ఫోన్ చేశాడు. తోటంతా ముడతపట్టి చచ్చిందని, నడిమధ్య కొన్ని చెట్లు మాత్రం ఏమీ కాకుండా ఉన్నాయని. అబిదా వెళ్లింది. ఎకరన్నర తోట ఆకులు గిన్నెల్లా ముడుచుకుని, గిడసబారి ఉంది. అందులో పదకొండు చెట్లు నడుమెత్తు పెరిగి, ఆకు విప్పారి, కాయతో వంగి ఉన్నాయి. తెల్లదోమ వాటి మీదా వాలి ఉంది. అయినా ముడత రాలేదు. ఆకులు తెచ్చి రెండుసార్లు చూసింది. పదకొండింటిలోనూ వైరస్ లేదు.

ఎనిమిదేళ్లుగా ఆమె వెతుకుతున్నవి ఇవే. ఈ చెట్లలో రోగాన్ని తట్టుకునే గుణమే ఉంటే, వాటి విత్తనంతో మందు అవసరం లేని మిరప పండించొచ్చు. మార్చి ఆఖరుకు ప్రాజెక్టు మూసేస్తామని అప్పటికే చెప్పేశారు. చేతిలో ఈ విత్తనం ఉంటే మూయరు. కానీ కాయ ఇంకా పచ్చిగా ఉంది. మూడు వారాలు ఆగాలి.

మళ్లీ వెళ్లి పదకొండింటికీ గుర్తు పెట్టింది. సంచిలో ఉన్న రిబ్బను ఎర్రదే. అదే కట్టింది. ఏ రంగైతే ఏంలే అనుకుంది. "వీటి జోలికి ఎవరినీ రానివ్వొద్దు బాబాయ్. ఎవరితో చెప్పొద్దు కూడా. పోయినేడు ఇంకో ఊళ్లో ఇలాగే ఒక చెట్టు దొరికిందని చెబితే, ఊరంతా వచ్చి తలా ఒక కాయ కోసుకుపోయారు."

"నా నోరు దాటదు" అన్నాడు కోటయ్య. అని ఊరుకున్నాడా? ఆడపిల్ల ఉత్తచేతులతో పోకూడదని, ఆ చెట్లకే అక్కడక్కడ ముందుగా పండిన కాయలు ఓ గుప్పెడు తెంపి ఆమె సంచిలో వేశాడు. "మీ నాయనకు పచ్చడికి."

"ఏ చెట్టువి కోశావు?" అని అరిచింది అబిదా.

"కాయకు చెట్టు పేరేంది తల్లీ. బాగున్నదాంట్లో కోశా."

నంబరు లేని కాయలు ఆమె లెక్కలో చెత్తే. ఇంటికెళ్లి విసురుగా ఆ సంచి తల్లి బషీరున్నీసా ముందు పడేసి, ఆ సంగతే మరిచిపోయింది.

మూడు వారాలకు, పదకొండు కాగితం కవర్ల మీద ఒకటి నుంచి పదకొండు దాకా ముత్యాల్లాంటి అంకెలు వేసుకుని, పొద్దున్నే గురజాల బస్సు దిగి ఆటోలో తోటకు చేరింది. చెట్లున్న చోట పదకొండు గుంటలు ఉన్నాయి. గట్టు అవతల బూడిద కుప్ప ఉంది. పిచ్చమ్మ ఎదురొచ్చింది. కోటయ్య కంటి ఆపరేషన్ చేయించుకుని పేటలో కూతురింట్లో ఉన్నాడట. చెప్పడానికి ఆ పెద్దావిడ ముఖం వెలిగిపోతోంది.

"ఎర్ర రిబ్బన్లు చూశానమ్మాయ్. నువ్వు చెప్పినట్టే చేశా. మా ఆయన ఉంటే పీకనియ్యడు గదా, అందుకే ఆయన లేనప్పుడు పని కానిచ్చా. బస్తాలో వేసి, గట్టు దాటించి, కాయతో సహా తగలబెట్టా."

అబిదా గుంటలు లెక్కపెట్టింది. పిచ్చమ్మే అంది, "చెట్లు చూస్తే చానా బాగున్నయ్యి. పీకుతుంటే ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు. కానీ రోగం లోపలుంటది, పైకి చూసి జాలిపడొద్దు అని నువ్వే చెప్పావు గదా. మనసు రాయి చేసుకుని పీకా."

ఎనిమిదేళ్లు. ఎన్ని మీటింగులు, ఎంత గొంతు. ఒక్కరూ వినలేదని ఏడ్చింది గదా. ఇప్పుడు మొగుడూ పెళ్లాం ఇద్దరూ విన్నారు, అక్షరం పొల్లు పోకుండా విన్నారు. చెప్పొద్దన్నందుకు ఆయన కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పలేదు. పీకమన్నందుకు ఈమె ఏడుస్తూ కూడా పీకింది. ఎవరి మీద అరవాలి? అరుద్దామని నోరు తెరిచి, ఆ గుంటల పక్కనే కూలబడింది. ఆ చెట్ల డీఎన్‌ఏ ల్యాబులో ఫ్రిజ్‌లో భద్రంగా ఉంది. డీఎన్‌ఏను నాటితే మొలవదు.

"ఏందమ్మాయ్, సరిగ్గా చెయ్యలేదా?" అని భయంగా అడిగింది పిచ్చమ్మ.

సరిగ్గానే చేశావని చెప్పి లేచి వెళ్లిపోవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ రేపు కోటయ్య ఊరికొస్తే నిజం ఎలాగూ తెలుస్తుంది. "నువ్వు సరిగ్గానే చేశావు పెద్దమ్మా. రిబ్బను నేనే తప్పు కట్టా. అవి రోగం చెట్లు కావు. రోగం రాని చెట్లు. వాటి విత్తనం కోసమే ఇవాళ వచ్చా."

పిచ్చమ్మ రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. ఆపడానికి అబిదా ఆ చేతులు పట్టుకోవాల్సొచ్చింది. కాసేపటికి ఆ పెద్దావిడే తేరుకుని, "ఒక్క కాయన్నా ముందు కొయ్యలేదా మా ఆయన? ఎవరొచ్చినా నాలుగు కాయలు చేతిలో పెట్టందే పంపడు గదా" అంది.

అబిదా ఫోన్ తీసింది. ఇంటికి కలిపింది.

"అమ్మా, మూడు వారాల కింద సంచిలో పండుమిరపకాయలు తెచ్చానే, ఏం చేశావు?"

"పచ్చడి చేశా. అయిపోయింది గూడా" అంది బషీరున్నీసా.

"గింజలతోనే రుబ్బావా?"

"మీ నాన్నకు కడుపులో మంట గదా, గింజలు తీసేసే రుబ్బా."

"ఆ గింజలేం చేశావే?"

"గింజల్ని ఏం చేస్తారే? నీళ్లతో సహా కొత్తిమీర తొట్టిలో పారబోశా. చూడు, ఇప్పుడవి గుంపుగా మొలిచి కొత్తిమీరను ఎదగనియ్యటం లా. ఇవాళ పీకేద్దామనుకుంటున్నా."

"పీకొద్దు!" అన్న కేకకు పక్క తోటలో కూలీలు తలెత్తి చూశారు.

పిచ్చమ్మ కూడా బస్సెక్కింది. మొగుణ్ని చూసినట్టూ ఉంటుందని పైకి అంది గానీ, అసలు సంగతి ఆ మొక్కలను కళ్లారా చూసుకోవాలని. పేటలో ఇల్లు చేరేసరికి, మౌలాలీ కొత్తిమీర తొట్టి ముందర, అంటే అడ్డంగా కోసిన పాత స్ప్రేయర్ ట్యాంకు ముందర, నిలబడి ఉన్నాడు. భుజాన అప్పుడే బాగుచేసిన తైవాన్ పంపు. కూతురు ఇంత కంగారుగా ఫోన్ చేసిందంటే ఇవేవో విలువైన మొక్కలని ఆయనకు అర్థమైంది. విలువైన మొక్కకు ఆయన చెయ్యగలిగిన మర్యాద ఒక్కటే.

"చీడ పట్టకుండా ఓ దఫా కొట్టి పెడతా. ఏ మందు కలపమంటావు?"

అబిదా నోరు తెరిచేలోపే పిచ్చమ్మ ఆయనకూ తొట్టికీ మధ్య నిలబడింది. "వైరస్‌కి మందు లేదయ్యా. నీ కూతురు ఇన్నేళ్ల నుంచి చెబుతున్నా నీకింకా ఎక్కలా? పంపు దించు."

మౌలాలీ పంపు దించాడు. పన్నెండేళ్లలో మందు లేదన్న మాట ఇంకొకరి నోట వినడం అబిదాకు ఇదే మొదటిసారి. ఏడుపొచ్చింది. పొద్దుట గుంటల దగ్గర రానిది ఇప్పుడొచ్చింది. ముఖం తిప్పుకుని మొక్కలు లెక్కపెట్టింది. నలభై మూడున్నాయి.

"ఇవి రోగం తట్టుకుంటయ్యా?" అని అడిగింది పిచ్చమ్మ.

"తెలీదు పెద్దమ్మా. వీటి మీదికి తెల్లదోమను వదిలి చూడాలి. రెండు నెలలు పడతది." తన ఉద్యోగంలో మిగిలిందీ ఆ రెండు నెలలే. ఆ సంగతి చెప్పలేదు.

గుర్తు కోసం సంచిలో చెయ్యి పెడితే ఎర్ర రిబ్బను తగిలింది. దాన్ని లోపలికి తోసి, కవర్లు బయటికి తీసింది. ముత్యాల్లాంటి అంకెలున్న పదకొండు కవర్లు. అందులో ఒకటి తిరగేసి, వెనకవైపు రాసింది:

'తల్లి మొక్క నంబరు: తెలియదు. కాయ కోసినది: కోటయ్య. గింజ తీసినది: బషీరున్నీసా. కాపలా: పిచ్చమ్మ. రిబ్బను కట్టినది: అబిదా.'

దాన్ని తొట్టికి అంటించి ఒకసారి చదువుకుంది. ఇలాంటి లేబుల్ సబా రాసి తెచ్చి ఉంటే, తొట్టితో సహా తీసుకెళ్లి డస్ట్‌బిన్‌లో వేసి ఉండేది.