ఐదో భాగంలో ఇప్పపూల అవ్వ

రిటైర్మెంటుకు రెండేళ్ళ ముందు, ఎండాకాలం మొదట్లో, నన్ను బూర్గంపాడు వైపు ఒక ఫారెస్ట్ రేంజికి ఆఫీసరుగా వేశారు. రేంజిని సెక్షన్లుగా, సెక్షన్‌ను బీట్లుగా విడగొడతారు. బీటును కాలినడకన తిరిగి కాపాడేది బీట్ ఆఫీసరు. కుర్చీలో కూర్చుని ఆ తిరుగుడు గురించి రిపోర్టు రాసేది నేను.

కొత్త ఉద్యోగుల శిక్షణ కోసం హైదరాబాదు కంపెనీ ఒకటి ‘అడవి గస్తీ’ అనే వీడియో గేము తయారుచేసి ఇచ్చేది. అప్పటికి నాలుగు భాగాలు వచ్చాయి, నాలుగూ బంగారం. అందులో ఇప్పచెట్టు కింద పూలేరే ఒక అవ్వ ఉండేది. ఆగి పలకరిస్తే పొగ ఏ దిక్కున లేచిందో చెప్పేది. పలకరించకుండా పోయినవాడి అడవి తగలబడేది. మా స్టాఫు డ్యూటీ దిగాక కూడా ఫోన్లలో అదే ఆడేవాళ్ళు.

మరుసటి ఎండాకాలానికి ఐదో భాగం దిగింది. బొమ్మలు ధగధగ, పులి మీసాలు లెక్కపెట్టుకోవచ్చు. ఆట మాత్రం పైన పటారం, లోన లొటారం. అవ్వ నెత్తి మీద ఎర్ర గుర్తు పెట్టారు. మనల్ని చూడగానే పరుగెడుతుంది, పట్టుకుంటే పది మార్కులు. పలకరించే బటనే తీసేశారు! మావాళ్ళు రెండు రోజులు ఆడి, తిట్టుకుంటూ మళ్ళీ నాలుగో భాగానికే పోయారు.

అంతటితో పోతే బాగుండేది. ప్రొబేషన్, అంటే ఉద్యోగం ఖాయం కాకముందు ఉండే పరీక్షా కాలం, పూర్తి కావాలంటే ఐదో భాగంలో నలభై మార్కులు రావాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రాకపోతే ఇంటికే. మా రేంజిలో ఆ పరీక్ష రాసింది తల్లాడ నుంచి వచ్చిన బీట్ ఆఫీసరు సుజాత. పూలేరేవాళ్ళు చెట్ల కింద ఆకులు తగలబెట్టకుండా ఊడ్చుకోవాలని గూడెం గూడెం తిరిగి చెప్పి, తానూ చీపురు పట్టిన మనిషి. రెండు ఎండాకాలాలూ ఆమె బీటులో మంట ఫైర్ లైను, అంటే మంట పాకకుండా చెత్త తీసేసిన బాట, దాటలేదు. అలాంటి ఆమెకు గేములో సున్నా వచ్చింది. పరుగెత్తే అవ్వను పట్టుకోకుండా పలకరించే బటన్ వెతుకుతుండగానే అడవి కాలిపోయిందట.

ఎందుకు పట్టుకోలేదమ్మా అని అడిగాను.

“ఆమెను పట్టుకుంటే, రేపు మంట లేస్తే నాకు చెప్పేదెవరు సార్? గిట్లాంటి గేము రాసినోళ్ళు ఒక్కరోజన్న అడవికి వచ్చిండ్రా?”

నిజమేనన్నాను. కంపెనీకి ఫోను చేసి ఉతికి ఆరేశాను. అడవి మొహం చూడని దద్దమ్మలని కూడా అన్నట్టు గుర్తు. అవతలి ఆయన ఓపికగా విని, ఒక కాగితం పంపాడు. ఐదో భాగం మొదలుపెట్టేముందు వాళ్ళు మా ఆఫీసుకు కొన్ని ప్రశ్నలు పంపారట. ఎండాకాలం అడవిలో కనిపించే మనుషులెవరు, వాళ్ళతో ఎలా మెలగాలి అన్నది అందులో ఒకటి. దానికి జవాబు: ‘అనుమతి లేకుండా ప్రవేశించువారు నేరస్థులు. తక్షణమే అదుపులోకి తీసుకొనవలెను.’ కింద సంతకం నాది.

ఆ ప్రశ్నలు వచ్చిననాడు పాత సర్క్యులర్ ఒకటి బయటికి తీసి మక్కికి మక్కి దింపి పంపేశాను. ఇప్పపూలు ఏరుకోవడం గూడెంవాళ్ళ హక్కని నాకు తెలియదా? తెలుసు. సర్క్యులర్లో లేదు కాబట్టి రాయలేదు. తల కొట్టేసినట్టయింది.

సుజాతను పిలిచి కాగితం చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివింది.

“అవ్ సార్, మీ సంతకమే” అంది.

ఆ సున్నా ఆమెది కాదు, నాదని, బీటు నడిచి చూసి తేల్చమని జిల్లా అధికారికి రాశాను. ఆయన వచ్చి నడిచాడు. ఆమె ఉద్యోగం ఖాయమైంది. నాకు సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది, న్యాయమే.

రిపోర్టు రాసేముందు, దీన్ని ఎవరైనా నమ్మితే ఏమవుతుందో ఆలోచించుకోవాలి. నేను ముప్పై ఏళ్ళూ ఎవరూ చదవరన్న ధైర్యంతోనే రాశాను. మొదటిసారి ఎవరో చదివారు. చదివి, నేను రాసినట్టే చేశారు.