చావు మాట ఎత్తిన ఇల్లు

1961లో, వానలు మొదలయ్యే ముందర, నన్ను చిక్కబళ్ళాపురం నుంచి చింతామణి ఆరోగ్య కేంద్రానికి హెల్త్ విజిటరుగా బదిలీ చేశారు. హెల్త్ విజిటరంటే మెడికల్ ఆఫీసరుకు కింద, కాన్పులు చేసే మిడ్‌వైఫులకు పైన ఉండే ఉద్యోగం. గర్భిణులనూ బాలింతలనూ ఇళ్ళకు వెళ్ళి చూడడం, పసిపిల్లల్ని తూకం వేయడం, మిడ్‌వైఫుల పని తనిఖీ చేయడం, వారానికోసారి తల్లుల సభ పెట్టి రాగి గంజి గురించీ టీకాల గురించీ చెప్పడం మా విధులు. చావుకు దగ్గరైన మనిషిని చూసుకోవడం వాటిలో లేదు. అలాంటివాళ్ళను ఆస్పత్రి ఇంటికి పంపేసేది. ఆ తర్వాత వాళ్ళు ఎవరి బాధ్యతా కారు.

రత్నమ్మ అలా బెంగళూరు నుంచి తిరిగొచ్చిన మనిషి. గర్భసంచిలో కాన్సరు. కరెంటు పెట్టి, అంటే రేడియేషన్ ఇచ్చి చూశారు, ఇక చేయగలిగింది లేదన్నారు. భర్త నాగరాజ శెట్టికి బజారులో చింతపండు, బెల్లం మండీ. ఇంట్లో ఆయన తల్లి సుబ్బమ్మ, తొమ్మిదేళ్ళ కూతురు పద్మ. మా మెడికల్ ఆఫీసరు ఆ కుటుంబాన్ని ఎరిగినవారు. రోజు విడిచి రోజు వెళ్ళి శుభ్రం చేసి రమ్మని నాకు నోటిమాటగా చెప్పారు.

పొటాషియం పర్మాంగనేటు కలిపిన నీళ్ళతో కడగాలి, ఉడకబెట్టి ఆరవేసిన గుడ్డలు మార్చాలి, పడక పుండ్లు పడకుండా ఒత్తిగిలించాలి. చేయడం కష్టం కాదు. ఆ గదిలో ఉండే వాసన కష్టం. వీధిలోవాళ్ళు గడప దగ్గరే నిలబడి, "ఉగాదికంతా లేచి తిరుగుతావులే" అని వెళ్ళిపోయేవారు.

మొదటి రోజే సుబ్బమ్మ నన్ను నడవలో ఆపింది.

"నర్సమ్మా, దానికేమీ చెప్పొద్దు. వాతము, నయమైపోతాదని చెప్పినాము. పిల్లకైతే అసలు తెలీకూడదు."

పద్మను ఆ గదిలోకి రానివ్వడం లేదు. రాత్రిళ్ళు పక్కింటి రామక్క దగ్గర పడుకోబెడుతున్నారు. ఇంట్లో అందరూ గట్టిగా, హుషారుగా మాట్లాడేవారు. ఆ హుషారు వినలేక నేను తొందరగా పని ముగించుకుని వచ్చేదాన్ని.

ఒకరోజు గుడ్డ పిండుతుంటే రత్నమ్మ అడిగింది. "నర్సమ్మా, నేనెన్నాళ్ళుంటాను?"

డాక్టరుగారిని అడగమని చెప్పడం మాకు శిక్షణలో నేర్పిన జవాబు. అదే చెప్పాను.

"డాక్టరు మా ఆయన్ని అడగమంటాడు. ఆయన అత్తని అడగమంటాడు. అత్త దేవుణ్ణి అడగమంటాది. మీరూ ఆ వరసలోనే ఉండారా?"

బేసిను కింద పెట్టి మంచం పక్కన కూర్చున్నాను. నీకేమనిపిస్తోందని అడిగాను.

"పోతాను. ఈ వానలు దాటను. నాకు తెలిసేపోయింది. చెప్పుకునేదానికి మనిషి లేడు, అదే. పద్మకు మాత్రం నేనే చెప్పల్ల. ఇంకెవరో చెప్పకూడదు."

మెడికల్ ఆఫీసరును అడిగాను. అది కుటుంబ విషయమనీ, గొడవైతే కేంద్రానికి చెడ్డపేరనీ అన్నారు, కానీ వద్దనలేదు. సుబ్బమ్మతో మాట్లాడితే ఆమె మండిపడింది. "బతికుండే మనిషి ముందర చావు మాటేందమ్మా? ఇంటికి మంచిదా అది? మీరింక రావాకండి" అంది. నా బదులు మిడ్‌వైఫును పంపాను.

కొన్ని రోజులకు నాగరాజ శెట్టి స్వయంగా కేంద్రానికి వచ్చాడు. చాలాసేపు బయట బాలింతల మధ్య నిలబడి, తర్వాత లోపలికి వచ్చాడు.

"మీరే రావల్లమ్మా. అది నాతో మాట్లాడేది మానేసింది. నేను నయమైతాదని చెప్పినప్పుడంతా గోడవైపు తిరుక్కుంటాది. ఏం చేయల్లంటాదో చేయనీయండి. అమ్మకు నేను చెప్పుకుంటాను."

ఆ మధ్యాహ్నం బడి వదిలాక పద్మను గదిలోకి తీసుకొచ్చారు. సుబ్బమ్మ వాకిలి దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. రత్నమ్మ దిండుకు ఆనుకుని, మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ చెప్పింది.

"నాకు నయం కాదు పద్మా. నేను చచ్చిపోతాను. నీ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు."

పిల్ల ఏడవలేదు. "నాకు తెలుసు" అంది. "బళ్ళో సరోజ చెప్పింది. నీకు తెలిస్తే భయపడతావని నేను చెప్పలా."

నాగరాజ శెట్టి బయటికి వెళ్ళిపోయాడు. పద్మ కాసేపు మంచం పట్టె గీకుతూ నిలబడి, "నువ్వు పోతే నాకు జడెవరేస్తారు?" అని అడిగింది.

"నేనేస్తానే తల్లీ" అంటూ సుబ్బమ్మ గడప మీదే కూలబడింది. పెద్దగా ఏడ్చింది. ఏడుపు వినిపించి, అంతా అయిపోయిందనుకుని రామక్క పరుగెత్తుకొచ్చింది. రత్నమ్మ కళ్ళు తెరిచి చూస్తూ ఉండడంతో, వచ్చిన పని మరిచిపోయినట్టు అక్కడే కూర్చుండిపోయింది. ఆ సాయంత్రం సుబ్బమ్మ తన మొదటి బిడ్డ గురించి చెప్పింది. ఆ పిల్ల జ్వరంతో పోయిందనీ, కడుపుతో ఉండావు ఏడవకూడదని అత్తగారు నోరు మూయించిందనీ చెప్పింది. "పేరు కూడా మళ్ళీ ఎవరూ ఎత్తలా. పుట్టనేలేదన్నట్టు ఉండిపోయినారు" అంది. పేరేమిటని రత్నమ్మ అడిగింది. గౌరి అని చెప్పింది. కొడుకుకే తెలియని పేరది.

ఆ తర్వాత వీధిలో ఆడవాళ్ళు లోపలికి వచ్చి కూర్చోవడం మొదలైంది. వాసన తగ్గలేదు, నొప్పీ తగ్గలేదు. నాగరాజ శెట్టి చివరిదాకా ఆ గదిలో కుదురుగా కూర్చోలేకపోయాడు. కానీ రత్నమ్మ తనకు ఏ చీర కట్టాలో, ఎవరిని పిలవాలో, పద్మకు ఏ వయసులోపల పెళ్ళి చేయకూడదో అన్నీ నోరు తెరిచి చెప్పింది. వానలు పట్టుకున్నాక ఒక పొద్దున పోయింది. సుఖంగా పోయిందని చెప్పలేను. పద్మ పక్కనే ఉంది.

కొన్ని వారాలకు రామక్క తల్లుల సభకు వచ్చింది. ఆమెకు పసిపిల్లలు లేరు. బావిలో పడి పోయిన కొడుకు గురించి మాట్లాడాలని వచ్చింది. ఆమె మొదలుపెడితే ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు మాట్లాడారు. మెడికల్ ఆఫీసరు నన్ను పిలిచి, అది తల్లుల సభేగాని శోకసభ కాదన్నారు. గర్భిణులు దడుచుకుంటారన్న ఆయన మాటలో న్యాయముంది. దాంతో ఆ మాటలు సుబ్బమ్మ ఇంటి నడవకు మారాయి. తీరికైన మధ్యాహ్నాల్లో నలుగురూ చేరేవారు. నేను కబురందితే వెళ్ళేదాన్ని, లేకపోతే లేదు. పనంతా అయ్యాక వెళ్ళి, అవన్నీ విని ఇంటికొస్తే అన్నం సహించేది కాదు.

తర్వాత బాగేపల్లికి బదిలీ అయ్యాను. చింతామణిలో జరిగింది చూసి ఉన్నాను కనుక, అక్కడ నేనే ఒకరోజు తల్లుల సభలో చావు మాట ఎత్తాను. "పొద్దుపొద్దున్నే ఈ మాటలేందమ్మా, యాడైనా చెప్తారా ఇట్లాంటివి?" అని ఒకావిడ బిడ్డను చంకనేసుకుని లేచింది. వెనకే మిగతావాళ్ళు లేచారు. మరుసటి వారం తూకానికి ఎవరూ పిల్లల్ని తేలేదు. ఇల్లిల్లూ తిరిగి వాళ్ళను మళ్ళీ రప్పించుకోవడానికి చాలా కాలం పట్టింది.

ఉద్యోగం చివరి సంవత్సరాల్లో కొత్త హెల్త్ విజిటర్లకు శిక్షణ ఇచ్చే పని నాకు అప్పగించారు. చావు గురించి మాట్లాడించడానికి మీరుగా సభ పెట్టకండని వాళ్ళకు చెప్పేదాన్ని. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు తామే అడుగుతారు. అప్పుడు మాట మార్చకండి. జవాబు తెలియకపోయినా కూర్చోవచ్చు. కూర్చున్నవాళ్ళకు ఒళ్ళు కూలబడేంత అలసట వస్తుంది. అందుకని ఆ రోజుకు ఇంకో ఇంటికి వెళ్ళే పని పెట్టుకోకండి.