నడుములోతు గుంత

నడుములోతు గుంత ఒకటి ఇన్నేళ్లుగా నా మనసు మీద బరువుగా ఉంది. నవ్వకండి. తవ్వింది నేనే, దాచిందీ నేనే. మిగతా బతుకు చల్లగానే గడిచింది. భార్య, పిల్లలు, ఆదివారం చర్చి, రెండు పూటలా కడుపునిండా బువ్వ. ఇంత హాయిగా ఉన్నవాడికి ఈ దిగులేమిటని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడుగుతుంటాను.

పంతొమ్మిది వందల నలభైల చివర్లో మేడ్చల్‌లో ఒక బియ్యం మిల్లుకు కరెంటు పని చేశాను. మోటారుకు ఎర్తు వేయాలి. మోటారు ఇనుములోకి కరెంటు దిగితే, అది మనిషిని పట్టుకోకుండా నేలలోకి పోయే దారి అన్నమాట. నిలువులోతు తవ్వి, తడి తగిలేచోట రాగి రేకు పెట్టి, చుట్టూ బొగ్గూ ఉప్పూ నింపాలి. నాకు నడుములోతులోనే బండ తగిలింది. ఇంకోచోట తవ్వాలంటే రెండు రోజుల పని. ఎల్లుండే శామీర్‌పేటలో నా పెళ్లి. రేకును బండ మీదే పడుకోబెట్టి మట్టి కప్పేశాను. వానాకాలం కదా, మట్టి తడిగా ఉండి పరీక్ష బల్బు ధగధగా వెలిగింది.

మిల్లు యజమాని తల్లిని అందరూ అవ్వ అనేవారు. రోజూ ఆ గుంతలో బిందెడు నీళ్లు పోయమని ఆమెకు చెప్పాను. ఎండాకాలంలో ఏ ఎర్తుకైనా నీళ్లు పోయాల్సిందే. నేను చెప్పింది మాత్రం నా తప్పు కప్పిపుచ్చుకోవడానికి. అవ్వ తులసికోటకు పోసినంత శ్రద్ధగా పోసేది.

ఎండలు ముదిరాక అవ్వ తుర్కపల్లిలోని కూతురి దగ్గరకు వెళ్లి నాలుగు రోజులు ఉంది. మట్టి ఎండింది. అప్పుడే మోటారులో తీగ ఒరిసిపోయింది. ముట్టుకున్న హమాలీ ఎగిరి అంత దూరాన పడ్డాడు. బతికాడు, దేవుడి దయ. నన్ను పిలిపించారు. కబురు అంది అవ్వ కూడా పరుగున వచ్చింది.

“ఏమాయె బిడ్డా?”

“నాల్గు దినాలు నీళ్లు వోయలే గద అవ్వా, గందుకే గిట్లయింది.”

“అయ్యో, నా వల్ల ఒక పానం వోతుండె గద! నాదే తప్పు బిడ్డా. ఇగ నేను యాడికీ వోను.”

ఆ మాట నా నోట ఎలా వచ్చింది? బండ అడ్డొచ్చిందని, పెళ్లి తొందరని ఎన్ని చెప్పుకున్నా, పెళ్లయ్యాక అన్ని నెలలు ఊళ్లోనే తిరుగుతూ ఆ గుంత పక్క నుంచే పోతూ, అవ్వ పెట్టిన మజ్జిగ తాగుతూ కూడా ఇంకోచోట తవ్వలేదు. భయపడ్డాను. అంతే.

మర్నాడే మోటారు బాగుచేసి, పాత ఎర్తు పనికిరాదని చెప్పి, పక్కనే నిలువులోతు తవ్వి కొత్తది వేశాను. ఇక రోజూ నీళ్లు అక్కర్లేదన్నాను. అవ్వ వినలేదు. నా అబద్ధాన్ని నమ్మినంతగా నా నిజాన్ని నమ్మలేదు. మలికాన్పుకు కూతురు రమ్మని కబురు పెట్టినా కదల్లేదు. నొప్పుల్లో ఆ పిల్ల అమ్మా అమ్మా అని ఒకటే ఏడ్చిందట. తల్లీబిడ్డా క్షేమమని తెలిశాక అవ్వ బిందె ఎత్తుకుని గుంత దగ్గరకు వెళ్లింది. నేను చూస్తూ నిలబడ్డాను.

అవ్వ పోయి చాలాకాలమైంది. క్షమించమని అడగడానికి ఎవరూ లేరు. రాస్తుంటే మాత్రం ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. ఆమెకు చెప్పాల్సిన మాట మీకు చెబుతున్నాను.

నువ్వు పోసిన నీళ్లు తక్కువ కాలేదవ్వా. నేను తవ్విన గుంతే తక్కువైంది.