ముదినేపల్లి మనిషి

ముప్పై రెండేళ్లు బడిలో పిల్లలకి అబద్ధం ఆడకూడదని చెప్పి రిటైరయినదాన్ని నేను. అలాంటిదాన్ని మా పక్కింటి యోబుకి, మొహంలో మొహం పెట్టి చూస్తూ, ఒక అబద్ధం ఆడాను. లేని మనిషికి రంగూ ఎత్తూ పెట్టి మరీ చెప్పాను. అందుకే ఈ సంగతి నేనే రాయాలి. ఇంకెవరైనా రాస్తే మమ్మల్ని మంచివాళ్లని చేసేస్తారు.

యోబుకి యాభై ఆరేళ్లు. మాది కొల్లేటి లంక ఊరు, చుట్టూ చేపల చెరువులే. ఉంగుటూరు వీర్రాజు గారికి ఇక్కడ ఇరవై ఎకరాల చెరువుంది. దానికి యోబు ఇరవై ఏడేళ్లుగా మేత కడుతున్నాడు. మేత కట్టడమంటే గట్టు మీద నిలబడి చల్లడం అనుకునేరు. చెరువులో వరసలుగా వెదురుకర్రలు పాతి తాళ్లు కట్టి ఉంటాయి. తవుడూ వేరుశనగ చెక్కా కలిపి, చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, పడవ మీద తిరుగుతూ వాటిని ఆ తాళ్లకి వేలాడదీయాలి. చేపలు వచ్చి చిల్లుల దగ్గర మూతులు పెట్టి తింటాయి. మర్నాడు సంచిలో ఎంత మిగిలిందో చూసి చేపకి ఒంట్లో ఎలా ఉందో చెప్పాలి. యోబు అయితే సంచిని ఒంటి చేత్తో ఎత్తి, బరువును బట్టే చెప్పేసేవాడు. ఊళ్లో వాళ్లకి జ్వరమొస్తే అడిగేవాడు కాదు గానీ చేప మేత ముట్టలేదంటే తనూ అన్నం తినేవాడు కాదు.

మొన్న మే నెలలో ఆ పడవలోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఏలూరు తీసుకెళ్లారు. మూడు చోట్ల పూడిపోయిందని, ఛాతీ ఎముక కోసి, కాల్లోంచి నరం తీసి గుండెకి అతికి, ఎముకని తీగలతో బిగించి పంపించారు. తొమ్మిదో రోజున ఇంటికొచ్చాడు. నిలువునా కుట్లు, చేతిలో ఒక దిండు. దగ్గినా తుమ్మినా నవ్వినా ఆ దిండుని గుండెకి అదుముకోవాలి. మూడు నెలల దాకా చిన్న బిందె కూడా ఎత్తకూడదు. వెల్లకిలా తప్ప పడుకోకూడదు. ఉప్పు లేని చారు. ఊపిరి పీల్చి లేపడానికి మూడు బంతుల గొట్టం ఒకటి ఇచ్చారు. మొదట్లో ఒక్క బంతి కూడా కదిలేది కాదు. ఆ గొట్టాన్ని చూస్తే చాలు, అంత మనిషీ బిక్కచచ్చిపోయేవాడు.

కానీ ఒకటే పట్టు. మూడు నెలలయ్యాక పడవెక్కాలి. నన్ను క్యాలెండరు తెమ్మని అడిగి ఆగస్టు పదిహేను చుట్టూ గుండ్రంగా గీయించుకున్నాడు.

"నా పడవ ఎవడెక్కుతున్నాడ్రా?" అని ఇంటికొచ్చిన రోజే తమ్ముణ్ణి అడిగాడు.

తమ్ముడి పేరు ఎలీషా. తాడేపల్లిగూడెంలో రైసుమిల్లులో పని. మిల్లు మరమ్మతుకి ఆపారని చెప్పి అన్న దగ్గర ఉండిపోయాడు. అడిగేసరికి ఎలీషా వదినగారి మొహం చూశాడు. ఆవిడ, అంటే సలోమి, పొయ్యి దగ్గరకి వెళ్లిపోయింది.

"ముదినేపల్లి నుంచి ఒకణ్ణి పెట్టారన్నయ్యా. నువ్వొచ్చేదాకానే."

"పేరేంటి?"

"పేరా... అందరూ ముదినేపల్లోడు అంటన్నారు."

అలా పుట్టాడు ఆ మనిషి. ఆ రోజు నుంచి సాయంత్రం నాలుగింటికి టీ వేళ ఎలీషా, చెరువు వైపు వెళ్లి చూసొచ్చానంటూ, అన్న మంచం పక్కన కూర్చునేవాడు. ముదినేపల్లోడు ఇవాళ పడవ అంచు మీద కాలేసి నీళ్లలో పడ్డాడనేవాడు. సంచులన్నీ ఒకే ఎత్తున కట్టేశాడనేవాడు. యోబు దిండు అదుముకుని నవ్వేవాడు. నవ్వుతూనే నొప్పికి కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. నవ్వడం అయ్యాక జాలిపడేవాడు.

"ఎర్రిబాగులోడు. బొచ్చె చేప పైపైన తిరుగుద్దని చెప్పు. దానికి సంచి పైకి కట్టాలి. శీలావతికి కిందకి దించాలి. ఎండ ఎక్కువుంటే లోతున్న పక్క ఎక్కువ కట్టమను."

ఎలీషా తల ఊపేవాడు. మళ్లీ మర్నాడు ఇంకో తప్పు, ఇంకో పాఠం. ఇరవై ఏడేళ్లలో యోబు ఎవరికీ చెప్పని సంగతులు టీ గ్లాసు ఖాళీ అయ్యేలోగా బయటికొచ్చేవి. నేను గోడ ఇవతల అన్నీ వింటూ ఉండేదాన్ని. నాకు అసలు సంగతి సలోమి ముందే చెప్పింది. చెప్పి, నోరెత్తొద్దని నా చెయ్యి పట్టుకుంది.

ముదినేపల్లోడికి పెళ్లాం, ముగ్గురు పిల్లలూ ఉన్నారని ఒకనాడు సలోమే కల్పించింది. యోబుకి వాడి మీద ఇంకా జాలి పెరిగింది. ఎండకి వాడి నెత్తి మాడిపోతోందని ఎలీషా అంటే, సలోమి కుట్టిన తన నీలం గుడ్డ టోపీ తీసి ఇచ్చి పంపించాడు. ఆదివారం ప్రార్థన మందిరంలో ఎవరి కోసమైనా ప్రార్థించాలా అని పాస్టరు గారు అడిగితే, దిండు చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ముదినేపల్లి మనిషి కోసం అయ్యగారూ. కొత్త పని. ముగ్గురు పిల్లలంట. ఆయన చెయ్యి తిరగాలని."

పాస్టరు గారికేం తెలుసు, కళ్లు మూసుకుని ప్రార్థించారు. అందరం ఆమెన్ అన్నాం. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆయన అడక్కుండానే ముదినేపల్లి సహోదరుణ్ణి తల్చుకునేవారు. ఒక్క వారం కూడా మర్చిపోలేదు ఆయన.

నా వంతు జూన్ చివర్లో వచ్చింది. వీధిలో నెమ్మదిగా నడుస్తూ మా అరుగు మీద కూర్చున్నాడు యోబు.

"టీచరక్కా, మీరు చూశారా ముదినేపల్లోణ్ణి?"

నేను చూడలేదని అంటే సరిపోయేది. అబద్ధం కూడా అయ్యేది కాదు. కానీ అతని మొహంలో ఆశ చూసి నా బుద్ధి గడ్డి తింది.

"చూశాను. నల్లగా, పొట్టిగా ఉంటాడు. పాపం, భయస్తుడు."

"అదే అనుకున్నాను" అన్నాడు తృప్తిగా.

ఇంకో వారానికి, చేపలు సంచుల దగ్గరకి రావడం లేదని ముదినేపల్లోడు ఏడుస్తున్నాడని కబురు తెచ్చాడు ఎలీషా. ఆ రోజు యోబు టీ గ్లాసు పక్కన పెట్టి అన్నాడు.

"ఇది ఎవరికీ చెప్పలేదురా. సంచి కట్టే ముందు గెడకర్రతో పడవ అంచు మీద మూడు దెబ్బలు కొట్టాలి. ఆగి, ఇంకోటి. నా చెరువులో చేపలకి అదే అలవాటు. వాడికి చెప్పు. చేప పస్తు ఉండకూడదు."

ఆ మాట విన్నాక నాకు ఆ పూట అన్నం సయించలేదు. అయినా నోరు తెరవలేదు, అది కూడా రాసుకుంటున్నాను.

జూలై నెలాఖరుకి గొట్టంలో మూడో బంతి లేచింది. మర్నాడు పొద్దున్న సలోమి మందుల కోసం ఏలూరు వెళ్లింది. ఎనిమిదింటికి యోబు మా గుమ్మం ముందు ఉన్నాడు, ఉతికిన లుంగీ, భుజాన తువ్వాలు.

"రండి టీచరక్కా, చెరువు దాకా వెళ్లొద్దాం. వాడికి రెండు మాటలు చెప్పి వచ్చేద్దాం."

ఎండ అన్నాను, దూరం అన్నాను, సలోమి తిడుతుందన్నాను. వినలేదు. నేను రాకపోతే ఒక్కడే వెళ్తానన్నాడు. కొత్తగా గుండె అతికించుకున్న మనిషిని ఒంటరిగా ఎలా పంపను? ఆటో మాట్లాడి ఎక్కించాను. దారంతా ఎలీషా ఇవాళ చెరువుకి రాకుండా ఉంటే బావుండునని కోరుకుంటూ కూర్చున్నాను.

గట్టు మీద దిగాం. చెరువు నడిమధ్య పడవ. పడవలో మనిషి వీపు ఇటుంది. నెత్తి మీద నీలం టోపీ.

"అదుగో" అన్నాడు యోబు సంతోషంగా. తర్వాత కళ్లు చికిలించి చూశాడు. వీపు చూస్తే తమ్ముణ్ణి గుర్తుపట్టలేడా? తల్లి పోయాక భుజాన మోసి పెంచిన తమ్ముడు.

ఎలీషా గెడకర్ర ఎత్తాడు. మూడు దెబ్బలు. ఆగి, ఇంకోటి. నీళ్లు కదిలాయి. వెదురు వరస పొడుగునా మూతులు లేచాయి. చేపలు వచ్చాయి.

యోబు చెయ్యి గుండె మీదకి పోయింది. నేను హడలిపోయి పట్టుకోబోతే నా చెయ్యి తీసేశాడు.

అంతలో వీర్రాజు గారు బండి మీద వచ్చి ఆగారు. ఆయన మంచివాడే. ఈ నాటకంలో ఆయనకి పాత్ర ఇవ్వలేదు, అంతే.

"ఏం యోబూ, తేరుకున్నావా? నీ తమ్ముడికి బానే నేర్పావు. మొదట్లో నాకు నమ్మకం లేదు. నువ్వు డిశ్చార్జి అయిన రోజే మీ ఆవిడ వచ్చి, ఈయనిక పడవెక్కకూడదంట, ఎలీషాకి ఇవ్వండి అని అడిగింది. మిల్లు మానేసి వస్తాడంది కదా అని సరేనన్నాను. ఇప్పుడు చూస్తే అచ్చం నీ చెయ్యే."

"ఆయ్. చిత్తమండి" అన్నాడు యోబు. "నేనొచ్చినట్టు వాడికి చెప్పకండి."

ఆటో మా వీధి మలుపు తిరుగుతుంటే ఒక్క మాట అడిగాడు.

"నల్లగా, పొట్టిగా ఉంటాడన్నారు కదా టీచరక్కా. ఎక్కడున్నాడు?"

ఎంతమంది పిల్లల్ని బెంచీ ఎక్కించానో నాకు లెక్క లేదు. ఆ పూట ఆటోలో నేను ఎక్కాను.

సలోమి పన్నెండింటికి వచ్చింది. మందుల సంచి చేతిలో ఉండగానే అడిగాడు.

"డాక్టరు నీతో ఏం చెప్పాడు?"

ఆవిడ నన్ను చూసింది. నేను తల దించుకున్నాను. అర్థమైపోయింది ఆవిడకి.

"గుండె పంపింగు ముప్పై అయిదు శాతమే ఉందన్నారండి. మెల్లిగా తిరగొచ్చంట. పడవ, బరువులూ ఇంక ఎప్పటికీ వద్దన్నారు."

"ఎప్పుడు చెప్పాడు?"

"డిశ్చార్జి నాడు. బయటికి పిలిచి చెప్పారు. మీకు చెప్తే బెంగ పెట్టుకుంటారని..."

"నా గుండె సంగతి నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట. వీర్రాజు గారికి తెలుసు. టీచరక్కకి తెలుసు."

"పని బయటికి పోకూడదని చేశానండి. మరిది ఎక్కితే ఇంట్లోనే ఉంటది కదా. ఎలీషా మిల్లు మానేశాడంటే మీకు అప్పుడే తెలిసిపోద్ది, ఇంక మీకు పడవ లేదని. అందుకే ముదినేపల్లోడని అన్నాం. మీరు నవ్వుతున్నారు కూడాను. ఆసుపత్రి నుంచి వచ్చాక మీరు నవ్విందంటే వాడి గురించేనండి."

"నవ్వాను" అన్నాడు యోబు. "నన్ను చూసి మీరూ నవ్వుకున్నారు."

సలోమి ఏడ్చింది. లేదండీ అని ఒట్టు పెట్టింది. అది నిజమే, ఎవరూ నవ్వుకోలేదు. కానీ మోసపోయినవాడికి ఆ మాట ఎలా ఎక్కుతుంది? నాకే ఎక్కలేదు.

నాలుగింటికి ఎలీషా వచ్చాడు. అతనికేమీ తెలియదు. ఆకాశం మబ్బేసి ఉంది. టీ గ్లాసు అందుకుని మామూలుగానే మొదలెట్టాడు.

"అన్నయ్యా, ముసురు పట్టేలా ఉంది. ముదినేపల్లోడు అడుగుతున్నాడు, రేపు మేత మామూలుగానే కట్టెయ్యనా అని."

ముసురు రోజుల్లో మేత ఎక్కువైతే ఒక్క తెల్లవారుజామున గాలి అందక చేపలన్నీ చచ్చి చెరువంతా తిరగబడిపోతుందని మా ఊళ్లో అందరికీ తెలుసు. ఎంత తగ్గించాలో, ఎప్పుడు మానాలో మాత్రం యోబుకే తెలుసు. కట్టెయ్యమను అని ఒక్క మాట అంటే చాలు. ఎలీషా పని పోతుంది. యోబు తమ్ముడి మొహంలోకి చూశాడు. సలోమి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"సగమే కట్టమను. మూడు రోజులు ఎండ లేకపోతే అసలు కట్టొద్దను. పొద్దున్నే మూతులు పైకి పెట్టి గుటకలేస్తుంటే గాలి కొట్టే ఏరేటర్లు ఆపొద్దను."

"అలాగే అన్నయ్యా."

"ఇంకోటి కూడా చెప్పు. నా టోపీ నాకు పంపించెయ్యమను."

ఎలీషా గ్లాసు కింద పెట్టాడు.

"వాడి కోసం నేను ప్రార్థన చేశానని చెప్పు. తొమ్మిది ఆదివారాలు చేశాను. పేరు కూడా తెలీదు నాకు. అన్నా నేర్పు అని వాడు నా ఎదురుగా వచ్చి అడిగుంటే, నేనే గట్టు మీద కూర్చుని అంతా నేర్పేవాణ్ణని చెప్పు. నా నోట్లోంచి దొంగిలించాల్సిన పని లేదని చెప్పు."

"అన్నయ్యా" అన్నాడు ఎలీషా.

"నాకు కాదురా. వాడికి చెప్పు."

మర్నాడు టోపీ వచ్చింది. సలోమి ఉతికి ఆరేసింది. యోబు దాన్ని ముట్టుకోలేదు. క్యాలెండరు మాత్రం తీసి మా అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. ఎలీషా నాలుగింటికి అన్న మంచం దగ్గరకి రావడం మానేశాడు. సలోమితో అవసరానికి మాట్లాడుతున్నాడు యోబు. నాతో అదీ లేదు.

ఆ ఆదివారం మందిరంలో పాస్టరు గారు అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని, ముదినేపల్లి సహోదరుణ్ణి, ఆయన భార్యనీ, ముగ్గురు పిల్లల్నీ, ఆయన చేతుల కష్టాన్నీ దీవించమని ప్రార్థించారు. సలోమి పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఎలీషా నేల చూస్తున్నాడు.

దిండు ఇంటి దగ్గరే వదిలేసి వచ్చిన యోబు లేచి నిలబడి, మా ముగ్గుర్నీ ఒక్కొక్కరినే చూస్తూ, మందిరమంతా వినపడేలా ఆమెన్ అన్నాడు.